ఎక్స్ క్రోమోసోము తూకం: ఓనో సిద్ధాంతంపై ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో లింగనిర్ణయాన్ని గురించి చెప్పే పాఠం చిన్నది. ఆడజీవికి రెండు ఎక్స్ క్రోమోసోములు, మగజీవికి ఒక ఎక్స్, ఒక వై. తండ్రి నుండి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. నల్లబల్ల మీద గళ్ళ పటం ఒకటి గీసి, సగం సగం అని తేల్చడంతో పాఠం ముగుస్తుంది. కాని తరగతిలో కొంచెం ఆలోచించే విద్యార్థి ఉంటే అతనికి వెంటనే ఒక సందేహం కలగాలి. గేదెకు రెండు ఎక్స్‌లు, దున్నకు ఒక్కటే అయినప్పుడు, ఎక్స్ మీద ఉన్న జన్యువుల ఉత్పత్తి గేదెలో రెట్టింపు ఉండాలి గదా! మరి రెండూ ఒకే గడ్డి తిని ఒకే తీరున ఎట్లా పెరుగుతున్నాయి?

ఈ ప్రశ్నకు గ్రంథాలలో సాధారణంగా కనిపించే సమాధానం సుసుము ఓనో అనే శాస్త్రజ్ఞునిది. ఆయన అమెరికాలో పనిచేసిన జపాను దేశీయుడు. లైంగిక క్రోమోసోములను గురించి 1967లో ఆయన వ్రాసిన గ్రంథం ఈ రంగానికి మూలస్తంభం వంటిది. సమాధానం ఎంతో అందమైనది. అందమైనది కనుకనే దానిని పరీక్షించకుండా అప్పజెప్పే అలవాటు ఏర్పడింది. ఓనో చెప్పినదానిలో ఎంత నిలిచింది, ఎంత నిలవలేదు, తరగతిలో దానిని ఎంతమేరకు నిజంగా చెప్పవచ్చు అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సమస్య ఎక్కడ ఉన్నది?

ఆవు కణంలో 60 క్రోమోసోములు ఉంటాయి. వాటిలో 29 జతలు ఆవుకూ ఆబోతుకూ సమానమే. వీటిని ఆటోసోములంటారు. మిగిలిన ఒక్క జతలోనే భేదం. నదీజాతి గేదెకు 50 క్రోమోసోములు, అనగా 24 జతల ఆటోసోములు, ఒక లైంగిక జత. స్థానికపు గేదెలను ముర్రా దున్నలతో సంపర్కం చేయించగా ఉభయ గోదావరి మండలాలలో ఏర్పడిన గోదావరి గేదె ఈ జాతిలోనిదే.

ఎక్స్ పెద్ద క్రోమోసోము. ఆవులో దాని పొడవు సుమారు 14 కోట్ల క్షారజంటలు. దాని మీద వందలకొద్దీ జన్యువులు ఉన్నాయి. పేరు లైంగిక క్రోమోసోమే కాని ఆ జన్యువులలో అధికభాగానికి లింగంతో నిమిత్తం లేదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీను, వెంట్రుకలు, దంతాలు, స్వేదగ్రంథులు ఏర్పడటానికి తోడ్పడే ఒక జన్యువు, ఎర్రకణాలను కాపాడే జి-6-పి-డి అనే ఎంజైము, ఇవన్నీ ఎక్స్‌కు చెందినవే. ఇవి ఆవుకూ కావాలి, ఆబోతుకూ కావాలి. వై ఈ పని చేయలేదు. ఒకప్పుడు ఎక్స్, వై రెండూ సాధారణమైన జతే అనీ, కోట్ల సంవత్సరాలలో వై తన జన్యువులలో అధికభాగాన్ని పోగొట్టుకున్నదనీ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

జన్యువుల మోతాదు మారితే ఏమవుతుంది? మనుష్యులలో 21వ సంఖ్య గల క్రోమోసోము చాలా చిన్నది. అది రెండుకు బదులు మూడు ఉంటే డౌన్ లక్షణాలు గల శిశువు పుడుతుంది. ఇంకా పెద్ద ఆటోసోము ఒకటి లోపిస్తే పిండం బ్రతకనే బ్రతకదు. అటువంటప్పుడు ఎక్స్ అంతటి క్రోమోసోము ప్రతి మగజీవిలోనూ ఒక్కటే ఉండి కూడా అపాయం కలగకపోవడం విశేషమే.

ఓనో చెప్పినదేమి?

ఓనో సమాధానానికి రెండు భాగాలు ఉన్నాయి. గోదావరి డెల్టా విద్యార్థికి కాలువల భాషలో చెబితే సులభంగా బోధపడుతుంది. ఒక ఆయకట్టుకు రెండు కాలువలు, మరొక ఆయకట్టుకు ఒకే కాలువ ఉన్నవనుకుందాం. మొదటి ఆయకట్టులో ఒక కాలువకు తలుపులు దించివేస్తే రెండు ఆయకట్లకూ ఒక్కొక్క కాలువ నీరే అందుతుంది. ఇది మొదటి భాగం: ఆడజీవి కణాలలో రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడుతుంది. కాని అంతటితో లెక్క సరిపోలేదు. చుట్టూ ఉన్న ఆయకట్లన్నిటికీ, అంటే ఆటోసోములకు, రెండేసి కాలువలు ఉన్నాయి. కాబట్టి మిగిలిన ఆ ఒక్క కాలువ తలుపులను మరింత పైకెత్తి రెట్టింపు నీరు వదలాలి. ఇది రెండవ భాగం: పనిచేసే ఒక్క ఎక్స్ రెండింటి పని చేస్తుంది.

పరిణామ చరిత్రలో రెండవ భాగమే ముందు జరిగిందని ఓనో ఊహ. వై తన జన్యువులను పోగొట్టుకుంటూ ఉండగా మగజీవిలో ఎక్స్ తన ఉత్పత్తిని పెంచుకున్నది. ఆ పెంపు ఆడజీవికి కూడా సంక్రమించి, అక్కడ రెండు ఎక్స్‌ల ఉత్పత్తి మితిమీరింది. దానిని అదుపు చేయడానికే ఒకటి మూతపడింది. ఈ వరుసను ఉపాధ్యాయులు బాగా గుర్తుంచుకోవాలి. రెండవ భాగం లేదని తేలితే, మొదటి భాగం ఎందుకు ఏర్పడిందో చెప్పడమే కష్టమవుతుంది. అయినా మన గ్రంథాలలో చాలా భాగం మొదటి దానిని మాత్రమే చెప్పి ఊరుకుంటాయి.

మొదటి భాగం బలం

మొదటి భాగానికి సాక్ష్యాలు గట్టివి. 1949లో కెనడాలో ముర్రే బార్, ఆయన విద్యార్థి బెర్ట్రాం ఆడపిల్లి నాడీకణాలలో మాత్రమే కనిపించే చిన్న నల్లని చుక్కను గుర్తించారు. ఆ చుక్క ముడుచుకుపోయిన ఎక్స్ క్రోమోసోమేనని 1959లో ఓనో, ఆయన సహచరులు సూచించారు. 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ చుంచెలుకల రంగుమచ్చలను ఆధారం చేసుకొని మరొక మెట్టు ఎక్కింది. పిండం చిన్నదిగా ఉన్నప్పుడే ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఏదో ఒకదానిని మూసివేస్తుందనీ, ఆ కణం నుండి పుట్టిన కణాలన్నీ అదే నిర్ణయాన్ని పాటిస్తాయనీ ఆమె చెప్పింది.

దీనికి కంచరగాడిద మంచి సాక్షి. దాని తల్లి గుర్రం, తండ్రి గాడిద. ఆ రెండు ఎక్స్‌లనూ సూక్ష్మదర్శినిలో ఆకారాన్ని బట్టి వేరుగా గుర్తించవచ్చు. 1964లో ముఖర్జీ, సిన్హా అనే శాస్త్రజ్ఞులు ఆడ కంచరగాడిద కణాలను పరీక్షించగా, కొన్ని కణాలలో గుర్రపు ఎక్స్, కొన్నింటిలో గాడిద ఎక్స్ మూతపడివుండటం కనిపించింది.

పశువులలో కూడా కంటికి కనిపించే నిదర్శనం ఉన్నది. హోల్‌స్టీన్ జాతి ఆవులు కొన్నింటిలో ఒంటి మీద నిలువుగా వెంట్రుకలు లేని చారలు ఉండటాన్ని 1953లోనే వర్ణించారు. ఈ లక్షణం ఆవులలోనే కనిపించింది. ఇటలీ దేశపు ఒక జాతి ఆవులలో ఇటువంటి చారలకే కారణమైన లోపాన్ని 2015లో ఎక్స్ మీది ఒక జన్యువులో గుర్తించారు. మంచి జన్యువున్న ఎక్స్ పనిచేసే కణాల సంతతి ఉన్నచోట వెంట్రుకలు మొలిచాయి. లోపమున్న ఎక్స్ పనిచేసే కణాల సంతతి ఉన్నచోట చర్మం బోడిగా మిగిలింది. పిండంలో కణాలు వ్యాపించిన దారి ఆవు ఒంటి మీద గీత గీసినట్లు నిలిచిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఊళ్ళో కనిపించే ప్రతి మచ్చల ఆవునూ చూపి ఇది ఎక్స్ మూతపడినందువల్లనే అని చెప్పరాదు. ఆవుల తెలుపు నలుపు మచ్చలకు కారణమైన ముఖ్య జన్యువులు ఆటోసోముల మీద ఉన్నవి. అందుకే ఆబోతులకు కూడా అటువంటి మచ్చలే ఉంటాయి. పిల్లి సంగతి వేరు. పిల్లిలో నారింజరంగు జన్యువు ఎక్స్ మీద ఉన్నది కనుక నలుపు, నారింజ కలిసిన మచ్చల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుంది. మగవానిలో కూడా అదే లక్షణం సమానంగా కనిపిస్తున్నదా అని అడగడమే సరియైన పరీక్ష.

మొదటి భాగం బలహీనత

ఐతే మూతపడిన ఎక్స్‌ను "చచ్చిన ఎక్స్" అని చెప్పడం తప్పు. మూతకు మూలం ఎక్సిస్ట్ అనే జన్యువు. దీనిని 1991లో కనుగొన్నారు. విచిత్రమేమంటే మూతపడే ఎక్స్ మీదనే ఈ జన్యువు పనిచేస్తుంది! దాని నుండి వచ్చే ఆర్.ఎన్.ఏ. ప్రోటీనుగా మారకుండా, తాను పుట్టిన క్రోమోసోమునే దుప్పటివలె కప్పుతుంది.

ఆ దుప్పటి క్రింద అన్ని జన్యువులూ నిద్రపోవు. మనుష్యులలో సుమారు 15 శాతం జన్యువులు మూతను తప్పించుకొని కొంతో గొప్పో పనిచేస్తూనే ఉంటాయి. మరికొన్ని కొందరిలో పనిచేస్తాయి, కొందరిలో చేయవు. చుంచెలుకలో తప్పించుకునేవి ఇంకా తక్కువ. దీనికి ఋజువు ప్రకృతిలోనే ఉన్నది. రెండవ ఎక్స్ నిజంగా చచ్చినదే అయితే, ఒకే ఎక్స్‌తో పుట్టిన స్త్రీకి ఏ లోటూ ఉండకూడదు. కాని అట్టి స్త్రీలలో పొట్టితనం, సంతానలేమి మొదలైన టర్నర్ లక్షణాలు కనిపిస్తాయి. ఒకే ఎక్స్ గల ఆడ చుంచెలుక మాత్రం పిల్లలను కూడా పెడుతుంది. కాబట్టి మూత ఏ మేరకు అన్నది జంతువును బట్టి, జన్యువును బట్టి మారుతున్నది. కాలువ తలుపు దించినా కొన్ని బోదెలకు నీరు పారుతూనే ఉన్నదన్నమాట.

రెండవ భాగంపై వివాదం

అసలు చిక్కు రెండవ భాగంలో ఉన్నది. ఒక్క ఎక్స్ రెట్టింపు పని చేస్తున్నదని ఎట్లా తెలుసుకోవాలి? ఎక్స్ జన్యువుల సగటు ఉత్పత్తిని ఆటోసోముల జన్యువుల సగటు ఉత్పత్తితో భాగించి చూడాలి. పెంపు లేకపోతే ఫలితం 0.5 రావాలి. పెంపు పూర్తిగా ఉంటే 1 రావాలి. చూడటానికి ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు.

2006లో చేసిన కొలతలలో మనిషి, చుంచెలుక మొదలైన జంతువులకు ఈ నిష్పత్తి 1కి దగ్గరగా వచ్చింది. ఓనో గెలిచాడన్నారు. 2010లో మరింత సూక్ష్మమైన పద్ధతితో, ఆర్.ఎన్.ఏ. అణువులనే లెక్కించి చూస్తే 0.5కు దగ్గరగా వచ్చింది. ఓనో ఓడాడన్నారు. 2011లో ఇతర పరిశోధకులు ఆ లెక్కనే తిరగవేసి మరల 1కి దగ్గరగా తెచ్చారు. ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులు ఎట్లా వచ్చినవి?

ఒక తరగతిలో 40 మంది విద్యార్థులున్నారు. వారిలో 30 మంది పరీక్ష వ్రాశారు. వ్రాసినవారి సగటు 60 మార్కులు. రాని 10 మందికీ సున్నా వేసి కలిపితే సగటు 45కు పడిపోతుంది. రెండు సగటులూ గణితరీత్యా సరియైనవే. కాని రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఎక్స్ మీద వృషణాలలో మాత్రమే, లేదా మరొక ప్రత్యేక అవయవంలో మాత్రమే పనిచేసే జన్యువులు అధికం. కాలేయంలో కొలిచేటప్పుడు వాటిని లెక్కలో చేర్చితే ఎక్స్ సగటు పడిపోతుంది. తొలగిస్తే పెరుగుతుంది. ఏ జన్యువులను తీసుకున్నారో చెప్పకుండా నిష్పత్తిని మాత్రం చెప్పే వాక్యానికి విలువ లేదు.

పశువులలో ఈ పరీక్షను విస్తారంగా చేసిన ఫలితాలు 2019లో వెలువడినవి. ఆవుల బీజకణాలు, తొలిదశ పిండాలు, శరీర అవయవాలు అన్నింటినీ పరిశీలించారు. పనిచేసే జన్యువులన్నింటినీ తీసుకుంటే నిష్పత్తి 0.5కూ 1కీ మధ్య నిలిచింది. అంటే పెంపు ఉన్నది గాని పూర్తిగా లేదు. అన్ని అవయవాలలో పనిచేస్తూ, మోతాదు మారితే ఓర్చుకోలేని జన్యువులను మాత్రం వేరుచేసి చూస్తే నిష్పత్తి 1ని మించింది! ఆవుకూ ఆబోతుకూ శరీర అవయవాలలో చెప్పదగిన భేదం కనిపించలేదు. పిండంలో ఈ మోతాదు దశదశకూ మారి, 16 కణాల దశలో శిఖరాన్ని చేరి, బ్లాస్టోసిస్ట్ దశ తరువాత స్థిరపడింది.

ఈ ఫలితాలు ఓనో సిద్ధాంతాన్ని ధ్రువపరుస్తున్నవని పరిశోధకులు వ్రాశారు. ఈ మాట పాక్షికంగానే సమంజసం. ఆడమగల మధ్య సమతూకం మాటవరకు అది నిజమే. కాని ఓనో చిత్రించినది క్రోమోసోము మొత్తానికీ వర్తించే ఒకే తలుపు. ఆవులో కనిపించినది కొన్ని బోదెలకు తక్కువ, కొన్నింటికి సరిగ్గా, కొన్నింటికి ఎక్కువ. 2012లో మనిషి జన్యువులపై వచ్చిన ఒక పరిశీలన కూడా ఇదే దారి చూపింది. అనేక ప్రోటీనులు కలిసి ఒక యంత్రంగా పనిచేసేచోట, అందులో భాగమైన ఎక్స్ జన్యువులలో పెంపు స్పష్టంగా కనిపించింది. యంత్రంలో ఒక చక్రం తక్కువైతే మిగిలిన చక్రాలు వృథా గనుక ఇది సహజమే.

మరొక ఆక్షేపణ కూడా ఉన్నది. ఓనో చెప్పినది పూర్వస్థితితో పోలిక. నేటి ఎక్స్‌ను నేటి ఆటోసోములతో పోల్చితే ఆ మాట ఋజువు కాదు. ఎక్స్ సాధారణ క్రోమోసోముగా ఉన్ననాడు దాని జన్యువులు ఎంత ఉత్పత్తి చేసేవో తెలియాలి. అందుకు కోడి ఉపయోగపడింది. మన ఎక్స్ జన్యువులకు సాటివచ్చే జన్యువులు కోడిలో 1, 4 సంఖ్యలు గల ఆటోసోముల మీద ఉన్నాయి. ఈ పద్ధతిలో పోల్చిన 2012 నాటి పరిశోధనలలో, పిల్లకు పాలిచ్చే మావి జంతువులలో అధికభాగం ఎక్స్ జన్యువులకు రెట్టింపు కనిపించలేదు.

కోడి వలన మరొక పాఠం కూడా ఉన్నది. పక్షులలో పెట్టకు ఒకే జెడ్ క్రోమోసోము, పుంజుకు రెండు. 2007 నుండి వచ్చిన పరిశీలనలలో జెడ్ మీది అనేక జన్యువుల ఉత్పత్తి పుంజులోనే ఎక్కువగా ఉన్నదని తేలింది. క్రోమోసోము మొత్తానికి మూత లేదు, సంపూర్ణమైన సర్దుబాటూ లేదు. అయినా గోదావరి మండలాల కోళ్ళఫారాలలో పెట్టలు యథావిధిగా గుడ్లు పెడుతూనే ఉన్నాయి! మొత్తం క్రోమోసోముకు సర్దుబాటు లేనిదే జీవి బ్రతకదన్న వాదాన్ని ఈ పెట్టలే ఖండిస్తున్నాయి.

ఓనోకు దక్కవలసిన ఘనత

విమర్శ అంటే దోషాలను మాత్రమే ఏకరువు పెట్టడం కాదు. ఓనో మరొక జోస్యం చెప్పాడు. ఎక్స్ మీద ఒకసారి తూకం కుదిరిన తరువాత, జన్యువు అక్కడినుండి ఆటోసోముకు వలసపోతే తూకం చెడుతుంది. కనుక ఒక మావి జంతువులో ఎక్స్ మీద ఉన్న జన్యువు మిగిలిన మావి జంతువులలో కూడా ఎక్స్ మీదనే ఉండాలి. ఈ జోస్యం బహుళంగా ఫలించింది. ఆవు ఎక్స్‌కూ గేదె ఎక్స్‌కూ ఆకారంలో భేదం ఉన్నా, వాటి మీది జన్యువులు చాలామట్టుకు ఒకటే, మనిషివీ అవే. వై మాత్రం స్వేచ్ఛగా మారింది. ఒంగోలు ఆబోతు వై ఆకారానికీ జెర్సీ ఆబోతు వై ఆకారానికీ సూక్ష్మదర్శినిలోనే తేడా తెలుస్తుంది.

పిఠాపురం నుండి ఒక పాఠం

చక్కగా అతికిన వివరణ నిజమే కానక్కరలేదనడానికి మన ప్రాంతానికి చెందిన ఉదాహరణ ఒకటి ఉన్నది. పిఠాపురంలో జన్మించిన కృష్ణ ద్రోణంరాజు కలకత్తాలో జె. బి. ఎస్. హాల్డేన్ వద్ద పరిశోధన చేశారు. మగవారి చెవులపై వెంట్రుకలు మొలిచే లక్షణాన్ని ఆంధ్రదేశపు వంశవృక్షాలలో పరిశీలించి, అది తండ్రినుండి కొడుకుకే సంక్రమిస్తున్నదనీ, దాని జన్యువు వై మీద ఉన్నదనీ 1960లో ప్రకటించారు. ఆనాటికి లభ్యమైన సాధనాలతో అది శ్రద్ధగా చేసిన పని. ప్రపంచంలోని పాఠ్యగ్రంథాలు దానిని ఉదాహరణగా స్వీకరించాయి.

ఐతే ఆటోసోము మీది జన్యువు కూడా పురుష హార్మోనుల సమక్షంలోనే పనిచేస్తే వంశవృక్షం ఇంచుమించు అదే రూపంలో కనిపించవచ్చు. ఈ లక్షణం వయస్సు మీరిన తరువాత గాని బయటపడకపోవడం మరొక ఇబ్బంది. 1964లోనే కర్ట్ స్టెర్న్, ఆయన సహచరులు ఈ చిక్కులను చర్చించారు. 2004లో దక్షిణ భారతదేశపు పురుషుల వై క్రోమోసోములను అణుస్థాయిలో పరీక్షించారు. చెవి వెంట్రుకలకు వై కారణమైతే అవి కొన్ని ప్రత్యేకమైన వై వంశాలలోనే ఉండాలి. కాని ఆ లక్షణం ఉన్నవారి వై వంశాలకూ లేనివారి వై వంశాలకూ భేదం కనిపించలేదు. వై వాదం నిలవలేదు. అయినా పాత ఉదాహరణ అక్కడక్కడ పాఠాలలో ఇంకా వినబడుతూనే ఉన్నది. పరిశోధకుడు ప్రకటించిన ఊహను కాలం సవరించడం శాస్త్రానికి సహజం. సవరించిన తరువాత కూడా పాతదానినే అప్పజెప్పడం బోధనకు తగదు.

పశువుల కొట్టంలో దీని ప్రయోజనం

ఇది కేవలం పండితుల తర్కం కాదు. క్లోనింగు పద్ధతిలో పుట్టి మరణించిన దూడల అవయవాలను 2002లో పరీక్షించినప్పుడు, ఎక్స్ జన్యువులు అనేకం క్రమం తప్పి పనిచేసినట్లు కనిపించింది. మరణానికి అదే కారణమని అంతమాత్రాన తీర్మానించలేము. కాని కృత్రిమంగా పెంచిన పిండంలో ఎక్స్ తూకం సరిగా కుదిరిందా అన్నది చూడవలసిన విషయమని మాత్రం రూఢి అయింది. కర్నాల్‌లోని జాతీయ పాడిపరిశోధన సంస్థలో 2009లో క్లోనింగు ద్వారా పుట్టిన తొలి ముర్రా పెయ్యదూడ కొద్ది రోజులకే మరణించింది. అదే సంవత్సరం పుట్టిన గరిమ అనే పెయ్య బ్రతికింది. మేలుజాతి గేదెల పిండాలను ప్రయోగశాలలో పెంచే కృషి సాగుతున్న ఈ కాలంలో, తొలి కణాలలో ఎక్స్ నడవడి తెలియడం రైతుకు కూడా లాభకరమే.

ముగింపు

కాబట్టి తరగతిలో ఈ విషయాన్ని మూడు వాక్యాలలో చెప్పవచ్చు. ఆవు, గేదె, మనిషి వంటి మావి జంతువుల ఆడజీవి కణాలలో ఒక ఎక్స్ చాలామట్టుకు మూతపడి, ఆడమగల మధ్య మోతాదు సమమవుతుంది. మూతపడిన ఎక్స్ మీద కూడా కొన్ని జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి కనుక అది చచ్చినది కాదు. పనిచేసే ఎక్స్ తన ఉత్పత్తిని పెంచుకోవడం అన్ని జన్యువులకూ సమానం కాదు, అవసరం ఉన్న జన్యువుల వద్దనే అది స్పష్టంగా కనిపిస్తున్నది.

ఓనో ప్రశ్న సరియైనది. ఆయన జవాబులో సగం నిలిచింది, సగం సవరణకు గురి అయింది. ప్రకృతి తూకం వేసేది క్రోమోసోములను కాదు, జన్యువులను. విద్యార్థి సందేహం అడిగినప్పుడు ఉపాధ్యాయుడు ఈ సవరణలను కూడా చేర్చి చెబితే, పాఠంతోపాటు శాస్త్రం ఎట్లా నడుస్తుందో కూడా అతనికి తెలుస్తుంది.